బ్రేకు మీద కాలు

పోయినవారం మనం డ్రైవరమ్మని ఆస్పత్రిలో డాక్టరు బల్ల ముందు వదిలిపెట్టి వచ్చాం. ఆమె ముందు ఆపరేషన్ కాగితం ఉంది. సంతకం పెట్టే చోట పెన్ను ఆనించింది గాని గీత ఇంకా పడలేదు.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు. డ్రైవరమ్మ సిటీ బస్సు నడుపుతుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నాలుగేళ్ళుగా ఆమెకి మూత్రం ఆగడం లేదు. దగ్గినా, నవ్వినా, బస్సు గతుకులో పడినా కొంచెం జారుతుంది. అదొక రకం. ఉన్నట్టుండి తన్నుకొచ్చి, బాత్రూం తలుపు దగ్గరకి చేరేలోపే పడిపోతుంది. అదింకో రకం. రెండూ కలిసి ఉన్నాయని డాక్టరు తేల్చింది. ఆరు నెలలు మాత్రలు మింగితే నోరు ఎండిపోయింది, మలబద్ధకం పట్టుకుంది, అసలుది అలాగే ఉంది. మూత్రాన్ని ఆపే కండరాన్ని బిగించే వ్యాయామాలు మూడు నెలలు చేస్తే తగ్గకపోగా ఒక పిసరు ఎక్కువైంది. ఇక ఆపరేషనే మిగిలింది. అది చేయించుకుంటే ఆరు వారాలు సీటెక్కకూడదు.

డిపోలో కొత్త రూటు వేస్తున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి మూడున్నర గంటలు. మధ్యలో డ్రైవరు దిగడానికి లేదు. సిటీ రూట్లు సగం తీసేస్తున్నారు కాబట్టి, రూటు పోయినవాళ్ళలో కొత్తదానికి పేరు లేనివాళ్ళు స్టీరింగు వదిలి టికెట్ల కిటికీ వెనక కూర్చోవాలి. మేనేజరు జాబితాలో డ్రైవరమ్మ పేరు ఉంది. ఒప్పుకుంటుందో లేదో శనివారం సాయంత్రం అయిదులోపు చెప్పాలి. మూడు వారాల్లో రూటు మొదలు.

ఆ శనివారం ఇదే. పొద్దున తొమ్మిదయింది.

డాక్టరు కాగితాన్ని తన వైపు లాక్కుంది. సంతకం ఎక్కడికీ పోదని, ముందు ఆమె మూడు రోజుల లెక్క రాసి తెచ్చిన పుస్తకం పదకొండో గదిలో చూపించి రమ్మని చెప్పింది. ఈ ఆపరేషన్ దగ్గుతో జారేదాన్ని ఆపుతుంది గాని తన్నుకొచ్చేదాన్ని ఆపుతుందని తను మాటివ్వలేనని, ఒక్కోసారి అది ఎక్కువ కావడం కూడా ఉంటుందని దాచకుండా చెప్పింది.

పదకొండో గది వరండా చివర, దుప్పట్లు పెట్టే గది పక్కన ఉంది. ఒక మంచం, రెండు స్టూళ్ళు, ఒక తెర. అలమరలో గీతలున్న ప్లాస్టిక్ మగ్గులు వరసగా బోర్లించి ఉన్నాయి. లోపల ఉన్న నర్సమ్మకి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు దారంతో మెడకి వేలాడుతోంది. ముప్పై ఏళ్ళుగా ఆమె చూసేది ఈ ఒక్క జబ్బే.

పుస్తకం అంటే పిల్లలు లెక్కలు చేసుకునే సన్న పుస్తకం. మూడు రోజులు ఏం తాగింది, ఎప్పుడు పోసింది, మగ్గులో ఎంత పడింది, ఎన్నిసార్లు తడిసింది, అన్నీ డ్రైవరమ్మ అందులో రాసింది. నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి కిందికి చదివింది. మళ్ళీ పైకి వెళ్ళింది. పెన్సిల్ తీసి టైముల పక్కన గీతలు కొట్టింది.

"అయిదూ పది. ఆరూ ఇరవై. ఏడున్నర. ఎనిమిదీ నలభై. మీ బస్సు ట్రిప్పు ఎంతసేపమ్మా?"

"డెబ్భై నిమిషాలండీ."

నర్సమ్మ పేజీ తిప్పింది. "మూడో రోజు మీకు సెలవని రాశారు. ఆ రోజూ ఇవే టైములు ఉన్నాయి."

చూసి రాయలేదని, ఎప్పటికప్పుడే రాశానని డ్రైవరమ్మ గబగబా చెప్పింది. తప్పుడు లెక్క రాసిందని అనుకుంటారేమోనని ఆమె భయం.

"మీరు సరిగ్గానే రాశారు. అందుకే చెప్తున్నా. మీకు రెండున్నరకి డ్యూటీ దిగిపోతుంది. మీ మూత్రపు సంచికి మాత్రం రాత్రి తొమ్మిదిన్నర దాకా డ్యూటీయే. సెలవు రోజు కూడా దానికి సెలవు లేదు."

రోజుకి పదిహేను సార్లు. మగ్గులో పడింది తొంభై, నూట పది, ఎనభై మిల్లీలీటర్లు. పొద్దున లేవగానే మాత్రం రెండొందల అరవై. నర్సమ్మ ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. సంచి చిన్నదైతే పొద్దునా అంతే పడేదని, నిద్రలో పట్టింది మెలకువలో పట్టకపోవడానికి దానికి వేరే జబ్బేం లేదని చెప్పింది. నిండకముందే ఖాళీ చేస్తూ పోతే, సగం కాకుండానే నిండిపోయినట్టు అరవడం దానికి అలవాటవుతుందట. మరి అలా పోయడం ఎవరు నేర్పారని అడిగింది.

డ్రైవరమ్మ చెప్పింది. అది డిపోలో అందరి పద్ధతి. బస్సు చివరకి చేరగానే, అవసరం ఉన్నా లేకున్నా ఒకసారి వెళ్ళి రావాలి. మధ్యలో ఆపడానికి ఉండదు కదా. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఈ మాట ఆమెకి చెప్పింది ఆమె మొగుడే. అతను అదే డిపోలో బస్సుల సీట్లు కుడతాడు, సీట్ల మేస్త్రి అంటారు. తర్వాత ఆమె చేతికింద తొమ్మిది మంది కొత్త డ్రైవర్లు పని నేర్చుకున్నారు. తొమ్మిది మందికీ అద్దాలు సరిచేసుకోవడం కంటే ముందు ఇదే నేర్పింది.

తాగేది చూస్తే రోజంతా మూడు గ్లాసుల నీళ్ళు, అయిదు టీలు. తక్కువ తాగితే తక్కువ పోతుందనుకున్నానంది డ్రైవరమ్మ. అందరూ అలాగే అనుకుంటారని, చిక్కబడిన మూత్రం సంచిని ఇంకా గిల్లుతుందని నర్సమ్మ చెప్పింది. టీలు రెండు చెయ్యమంది, నీళ్ళు ఆరు గ్లాసులకి పెంచమంది.

తర్వాత మంచం మీద పడుకోమంది. తెర లాగింది. అరచేతులు రుద్దుకుని ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టింది. మూడు నెలలు చేసిన వ్యాయామం ఒకసారి చేసి చూపించమంది.

డ్రైవరమ్మ ఊపిరి బిగబట్టింది. నర్సమ్మ చేతికింద పొట్ట రాయిలా అయి పైకి లేచింది. మంచం కాళ్ళ వైపు ఇనపకమ్మి కిర్రుమంది. నర్సమ్మ అటు చూసింది. డ్రైవరమ్మ కుడిపాదం కమ్మిని తొక్కిపెట్టి ఉంది.

"వదిలెయ్యండి. ఇంకోసారి."

ఇంకోసారి కూడా కమ్మి కిర్రుమంది.

"ఈ వ్యాయామం ఎక్కడ చేసేవారమ్మా?"

"బస్సులోనేనండీ. పనిలో కూర్చుని కూడా చెయ్యొచ్చని ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలో ఉంది. ఎర్రలైటు పడినప్పుడల్లా చేశాను. రోజుకి నలభై తక్కువ లేవు."

"ఎర్రలైటు పడినప్పుడు మీ కాలు ఎక్కడుంటుంది?"

డ్రైవరమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. పడుకున్న చోటి నుంచే తన పాదం వైపు చూసుకుంది.

ఆ డిపోలో బళ్ళు పాతవి. బ్రేకు మొండిది. తొక్కితే తొడ, నడుము, పొట్ట అన్నీ కలిసి కిందికి నొక్కితేనే బండి నిలబడుతుంది. మూడు నెలలు ఆమె ఆ కాలి మీద బరువు వేసి ఉంచుతూనే వ్యాయామం చేసింది. బిగించడం, తొక్కడం ఒంటికి ఒకటే పని అయిపోయాయి. పైకి లాగాల్సిన కండరాన్ని రోజుకి నలభైసార్లు కిందికి తోసింది. ఒక్కరోజు కూడా మానలేదు. మానినా బాగుండేది.

నర్సమ్మ తిట్టలేదు. తప్పు కాగితానిదే అంది. ఎక్కడ కూర్చుని చెయ్యకూడదో అందులో రాయలేదు, రాసిన వాళ్ళెవరూ బస్సు నడపలేదు.

మోకాళ్ళు మడిపించింది. పాదాలు కమ్మికి దూరంగా పెట్టించింది. నోరు కొంచెం తెరిచి మామూలుగా ఊపిరి తీసుకోమంది. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఎలా ఆపుకుంటారో వెనక నుంచి అలా మొదలుపెట్టి, ముందుకి, లోపలికి, పైకి లాక్కోమంది. పొట్ట కదలకూడదు. పిర్రలు కదలకూడదు. కాళ్ళసలే కదలకూడదు.

మొదటి నాలుగుసార్లు పొట్టే లేచింది. అయిదోసారి పొట్ట ఊరుకుంది, లోపల ఎక్కడో సన్నగా ఏదో పైకి లేచి, రెండు సెకన్లు ఉండి జారిపోయింది.

"ఇంతేనా?" అంది డ్రైవరమ్మ.

"ఇంతే. దీన్ని పది సెకన్లు నిలబెట్టాలి. పన్నెండు వారాలు పడుతుంది. పూటకి పది, రోజుకి మూడు పూటలు. బస్సు సీట్లో మాత్రం వద్దు."

తన్నుకొచ్చినప్పుడు పరిగెత్తొద్దంది. పరిగెత్తితే గెలిచేది అదేనట. ఉన్నచోట కూర్చుని, గబగబా అయిదుసార్లు బిగించి వదిలి, అది దిగిపోయేదాకా ఆగి, అప్పుడు నడిచి వెళ్ళాలి. మొదట అయిదు నిమిషాలు ఆపాలి. వారానికి ఇంకో అయిదు పెంచుకుంటూ పోవాలి. తడవకుండా ఎవరికీ కుదరదు, మొదట్లో అస్సలు కుదరదు. తడిసిందని మానెయ్యకూడదు.

మరి ఆపరేషన్ సంగతి ఏమిటని డ్రైవరమ్మ అడిగింది.

"అది నేను చెప్పేది కాదు. డాక్టరుకి ఒక మాట మాత్రం రాసిస్తా. వ్యాయామం చేసినా తగ్గలేదని మీ కాగితాల్లో ఉంది. వ్యాయామం ఇంకా మొదలే పెట్టలేదని రాస్తా."

డాక్టరు ఆ ముక్క చదివింది. ఆపరేషన్ కాగితాన్ని సంతకం లేకుండానే మడిచి పన్నెండు వారాల తర్వాత తారీఖున్న కవరులో పెట్టింది. పెన్ను తనదేనని అడిగి తీసుకుంది.

డ్రైవరమ్మ ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర. మూడో అంతస్తు. ఆమెకి అన్నిటికంటే గడ్డు చోటు ఇంటి తలుపే. తాళంచెవి తిప్పగానే తన్నుకొస్తుంది. తాళం తిప్పకపోయినా, తలుపు కనబడితే చాలు. చెప్పులు విడవకుండా పరిగెత్తడం నాలుగేళ్ళుగా అలవాటు.

ఈ రోజు మెట్ల మీద కూర్చుంది. అయిదుసార్లు బిగించింది. లోపల నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. మేస్త్రి భోజనానికి వచ్చాడన్నమాట. పై ఇంటావిడ దిగుతూ ఏమైందని అడిగింది. మోకాలు నొప్పి అని చెప్పింది. నూట పది లెక్కపెట్టేసరికి ఆ ఊపు తగ్గింది. లేచి, తలుపు తీసి, నడిచి వెళ్ళింది. చివర్లో కొంచెం తడిసింది. కానీ నడిచే వెళ్ళింది.

ఆమె పరిగెత్తకపోవడం మేస్త్రి చూశాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బట్టలు మార్చుకుని వచ్చి ఎదురుగా కూర్చుని, నాలుగేళ్ళు చెప్పనిది నాలుగు మాటల్లో చెప్పింది. జబ్బు పేరు, పదకొండో గది, బ్రేకు సంగతి, చివరగా, అయిదులోపు జవాబు చెప్పాల్సిన కొత్త రూటు. అతను తల ఎత్తకుండా విన్నాడు. అతను మాటల మనిషి కాదు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"డిపోలో అన్ని సీట్లకీ గుడ్డే. నీ ఒక్కదానికే రెగ్జిన్. ఎందుకేశాననుకున్నావు?"

కొత్త సరుకు ఎలా ఉంటుందో చూడ్డానికి వేశారని అప్పట్లో అతనే చెప్పాడు. ఆమె నమ్మింది. రెగ్జిన్ కింద ప్లాస్టిక్ గుడ్డ ఉందని, ఆరు నెలలకోసారి ఆదివారం ఎవరూ లేనప్పుడు లోపలి స్పాంజి మారుస్తున్నాడని ఇప్పుడే తెలిసింది.

"నాలుగేళ్ళు. ఒక్కసారి అడగొచ్చుగా నన్ను."

"నువ్వు చెప్పొచ్చుగా."

 అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. తుడుచుకున్న తువ్వాలుని మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పాడు. అతను అలా చేస్తే ఇంకా ఏదో ఉందని ఆమెకి తెలుసు.

"చెప్పవయ్యా."

"నిన్న మేనేజరు దగ్గరకెళ్ళాను. జాబితాలో నీ పేరు తీసెయ్యమన్నాను."

ఆమె ముందుకి జరిగి కూర్చుంది.

"కారణం అడిగాడా?"

"అడిగాడు."

"చెప్పావా?"

"ఒంట్లో బాగాలేదన్నాను. ఏం బాగాలేదన్నాడు." తువ్వాలు మడత పెట్టాడు. "చెప్పాను."

"నాతో అనడానికి నాలుగేళ్ళుగా రాని నోరు, ఆ కుర్చీలో కూర్చున్నవాడి ముందు వచ్చిందా?"

"మూడున్నర గంటలు. వెనక యాభై మంది జనం. అక్కడేమన్నా జరిగితే నేను చూళ్ళేను."

"నువ్వెక్కడ చూస్తావు? ఆ సీట్లో కూర్చునేది నేను."

 ఆమె లేచింది. పాదాలు చెప్పుల్లో పెట్టింది. అన్నం తిని వెళ్ళమన్నాడు. వచ్చి తింటానంది.

డిపో మేనేజరు గది నోటీసు బోర్డుకి పక్కనే ఉంటుంది. లోపలికీ బయటికీ వెళ్ళే డ్రైవర్లందరూ ఆ బోర్డు ముందు నుంచే వెళ్ళాలి. డ్రైవరమ్మ వెళ్ళేసరికి రెండు కావస్తోంది. మేనేజరు ఆమెని చూసి కాగితాలు సర్దాడు. సర్దడానికి అక్కడ పెద్దగా కాగితాల్లేవు.

మొగుడు వచ్చి చెప్పినా పేరు కొట్టెయ్యలేదని, డ్రైవరు నోట విన్న తర్వాతే కొడతానని అన్నాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు. డ్రైవరమ్మ కూర్చోమనకుండానే కూర్చుంది. రూటు తనకి కావాలంది. మూడున్నర గంటలు ఈ రోజుకి తన వల్ల కాదంది. పన్నెండు వారాలు నేర్చుకుంటే అవుతుందేమో, అవుతుందని రాసివ్వలేనంది. అందాకా సగం దారిలో డీజిలు బంకు దగ్గర పది నిమిషాలు ఆపనివ్వాలంది.

మేనేజరు చెడ్డవాడు కాదు. రూలు చూసి మాట్లాడే మనిషి. పది నిమిషాలు ఆపితే ఆ రూటులో అందరి టైములూ జరుగుతాయి. అలాంటి మార్పు అడిగితే అర్జీ రాయాలి. అర్జీని కారణంతో సహా మూడు రోజులు బోర్డు మీద పెట్టాలి. ఆ రూటు డ్రైవర్లలో ఎవరూ అడ్డం చెప్పకపోతే ఇచ్చేస్తారు. ఒక్కరు చెప్పినా ఇవ్వరు.

సొరుగు తీసి అర్జీ కాగితం ఆమె ముందు పెట్టాడు. పేరు, బిల్ల నంబరు, రూటు. కింద కారణం అని ఉంది, దాని పక్కన రెండు గీతలు.

"ఒంట్లో బాగాలేదని రాయండమ్మా. చాల్లెండి" అన్నాడు మెల్లగా.

"అలా రాస్తే ఏం బాగాలేదని అడగరా సార్?"

"అడుగుతారు."

"ఒంట్లో బాగాలేని మనిషికి అంత దూరం బండి ఎందుకివ్వాలంటారు."

మేనేజరు పెన్ను మూత తీసి ఆమె వైపు జరిపాడు.

డ్రైవరమ్మ పేరు రాసింది. నంబరు రాసింది. కారణం దగ్గర పెన్ను ఆపి, ఆ రెండు గీతల్నీ కొలిచినట్టు చూసింది.

"ఇందులో పట్టదు సార్. తెల్లకాగితం ఒకటి ఇవ్వండి."

ఒకటిన్నర పేజీ రాసింది. కొట్టివేతలు మూడే. మేనేజరు చదివాడు. చదువుతున్నంతసేపూ గడ్డం గీరుకున్నాడు. ఇది నిజంగానే పెట్టమంటారా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పెట్టమంది. బయటికెళ్ళి తనే పిన్నులు గుచ్చి వచ్చాడు. ఆమె లేవబోతే, షిఫ్టు మారే వేళ కదా, ఈ గుంపు పోయేదాకా లోపలే కూర్చోమన్నాడు.

రెండూ ఇరవైకి మొదటి బస్సులు వచ్చాయి. బూట్ల చప్పుడు, నవ్వులు, టీ గ్లాసుల చప్పుడు గోడ అవతలికి చేరాయి. డిపోలో పెద్దహారన్ అని ఒకతను ఉన్నాడు. ఆ బోర్డు మీద ఏది పెట్టినా పైకి చదివి, మధ్యమధ్య తన మాటలు కలిపి నలుగురినీ నవ్విస్తాడు. అతని పేరూ కొత్త రూటు జాబితాలో ఉంది. డ్రైవరమ్మ దగ్గర పని నేర్చుకున్న తొమ్మిది మందిలో మూడోవాడు.

"ఇదిగో మా గురువుగారు ఉత్తరం రాశారు రండి" అని అతను పిలవడం తలుపులోంచి వినిపించింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"పదహారో నంబరు బస్సు డ్రైవరు రాయునది. నాకు నాలుగేళ్ళుగా మూత్రం ఆగడం లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దహారన్ తన మాట ఏదీ కలపలేదు.

"దగ్గితే పడుతుంది. ఇల్లు చేరితే పడుతుంది. వైద్యం చేయించుకుంటున్నాను. ప్రతి చివరా అవసరం లేకపోయినా వెళ్ళి రమ్మని మీలో తొమ్మిది మందికి నేనే నేర్పాను. ఆ నేర్పడం తప్పని ఈ రోజు తెలిసింది. అలా చేసి చేసి మీకు కూడా..."

అక్కడ గొంతు ఆగింది. వెనకవాళ్ళు కానియ్యమన్నారు. అతను చదవలేదు.  

మేనేజరు, డ్రైవరమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత బోర్డు మీద నుంచి కాగితం ఊడదీస్తున్న చప్పుడు, దాని వెనకే మేనేజరు గది తలుపు వైపు వస్తున్న బూట్ల చప్పుడు వినిపించాయి.